సంచిక ఫైళ్ల కూర్పు, పంపకం: కొన్ని విషయాలు

మన వార్షిక సంచికను చేతికి తీసుకున్న పాఠకునికి అది ఒక్క పుస్తకంగానే కనిపిస్తుంది. ఒక వైపు నుండి తెరిస్తే తెలుగు, వెనుకకు త్రిప్పి తెరిస్తే ఉర్దూ. రెండు ముఖపత్రాలు, రెండు విషయసూచికలు. నడుమ ఒకచోట రెండు భాషల చివరి పుటలు ఎదురెదురుగా నిలుస్తాయి. కాని ముద్రణకు పోకముందు ఈ పుస్తకం పుస్తకంగా ఎక్కడా ఉండదు. అది మూడు నాలుగు కంప్యూటర్లలో, ఐదారు పెన్‌డ్రైవులలో, విద్యార్థుల చేతి ఫోన్లలో చెల్లాచెదరుగా పడి ఉన్న కొన్ని వందల ఫైళ్ల రూపంలో ఉంటుంది. ఆ ఫైళ్లను ఎట్లా కూర్చుకోవలెను, ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి చెడిపోకుండా ఎట్లా పంపుకోవలెను అన్నదే ఈ వ్యాసంలో వివరింపదలచిన విషయం. సాహిత్యం బోధించేవారికి ఈ గొడవ ఎందుకని కొందరు మిత్రులు నవ్వారు. ఎందుకో ముందుగా మనవి చేస్తాము.

కొన్నేళ్ల క్రిందట మా ఉర్దూ శాఖలో పనిచేసిన ఒక పెద్దలు సంచికకు పదునాలుగు గజళ్లు ఇచ్చారు. స్థలాభావం వలన తొమ్మిదింటిని వేసి, తక్కిన ఐదింటిని వచ్చే సంచికకు ఉంచుకున్నాము. పదునాలుగూ టైపు చేయించాము, పుటలుగా కూర్చి పెట్టాము. కూర్పు పూర్తయినది గదా అని చేతివ్రాత కాగితాలను జాగ్రత్త చేయలేదు. ఆ తప్పు ఎవరిదో కాదు, మాదే. వచ్చే సంచిక రాకముందే ఆ పెద్దలు దివంగతులైనారు. తరువాత వారి కుమార్తె వచ్చి, తండ్రిగారి గజళ్లన్నీ ఒక చిన్న పుస్తకంగా వేయించుకుంటామని అడిగినది. పాత కంప్యూటరు తీసి, పుటల ఫైలు తెరిచాము. ఫైలు తెరుచుకున్నది, పుటలు ఉన్నవి, పుటలలో గజళ్లు ఉండవలసినచోట బూడిదరంగు మసకనీడలు మాత్రం ఉన్నవి. పెద్దది చేసి చూస్తే అక్షరాలు గళ్లుగళ్లుగా విడిపోయినవి. ప్రతి షేరు చివరా ఒకే పదం మరల మరల వస్తుంది గనుక, రెండు గజళ్ల రదీఫులు మాత్రం పోల్చుకోగలిగినాము. తొమ్మిది గజళ్లు అచ్చుప్రతిలో ఉన్నవి. ఆ ఐదు మరెక్కడా లేవు.

ఇది ఎట్లా జరిగినదో తెలుసుకుంటే ఈ విద్య సగం తెలిసినట్లే. సంచిక పుటలను మేము పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరులో కూర్చేవారము. ఆల్డస్ అనే అమెరికా సంస్థ 1985లో వెలువరించిన సాధనం అది. 1994లో ఆ సంస్థ అడోబీలో కలిసిపోయినది. 2001లో వచ్చిన ఏడవ రూపమే పేజ్‌మేకర్‌కు చివరిది. మన జిల్లాలలో డి.టి.పి. కేంద్రాలన్నీ ఒకప్పుడు దీనిమీదనే బ్రతికినవి. కాని అందులో ఉర్దూ నస్తాలీఖ్ లిపి రాదు. అందువలన ఉర్దూ భాగాన్ని ఇన్‌పేజ్ అనే వేరొక సాఫ్ట్‌వేరులో టైపు చేసి, ఒక్కొక్క గజలును ఒక బొమ్మగా మార్చి, ఆ బొమ్మను తెచ్చి పేజ్‌మేకర్ పుటలో అతికించేవారు. అతికించడం అన్నాము గాని, నిజానికి అక్కడ అతుకు ఏదీ లేదు. పెద్ద బొమ్మను పుటలోకి తెచ్చినప్పుడు పేజ్‌మేకర్ దానిని తన ఫైలులో పూర్తిగా నింపుకోక, ఆ బొమ్మ ఏ డ్రైవులో ఏ ఫోల్డరులో ఉన్నదో ఆ చిరునామాను వ్రాసుకొని, చూపుకు ఒక మసకనీడను మాత్రం ఉంచుకుంటుంది. ముద్రించే సమయాన ఆ చిరునామాకు పోయి అసలు బొమ్మను తెచ్చుకుంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ఇన్‌డిజైన్ పద్ధతి కూడా ఇదే. ఒక్కొక్క పుటలో పది ఫోటోలున్నా ఫైలు బరువెక్కకుండా ఉండుటకు, ఒకే ముద్రికాచిహ్నాన్ని నూరు పుటలలో వాడి ఒక్కచోట మార్చితే నూరుచోట్ల మారుటకు ఈ ఏర్పాటు చేసినారు. ఏర్పాటు మంచిదే. కాని మా గజళ్ల అసలు బొమ్మలు కూర్పు చేసిన విద్యార్థి పెన్‌డ్రైవులో ఉన్నవి. పుటల ఫైలులో వాటి చిరునామా ‘ఇ డ్రైవు’ అని వ్రాసి ఉన్నది. ఆ విద్యార్థి డిగ్రీ ముగించుకొని వెళ్లిపోయినాడు. పెన్‌డ్రైవు అతనితోపాటు వెళ్లిపోయినది. చిరునామా ఉన్నది, ఇల్లు లేదు.

కనుక మొదటి నియమం ఇది. ఒక సంచికకు ఒక తల్లి ఫోల్డరు ఉండవలెను. పుటల ఫైలూ, దానికి కావలసిన బొమ్మలూ, అక్షరాలూ, మూలవ్రాతలూ అన్నీ దాని లోపలనే ఉండవలెను. బొమ్మను ముందు తల్లి ఫోల్డరులోకి నకలు చేసి, అక్కడి నుండి మాత్రమే పుటలోకి తీసుకోవలెను. పెన్‌డ్రైవు నుండి గాని, ఫోను నుండి గాని నేరుగా పుటలోకి లాగరాదు. పుటల ఫైలు, బొమ్మలు ఒకే తల్లి క్రింద ఉన్నంతవరకు ఆ ఫోల్డరును మొత్తంగా ఎత్తి మరొక కంప్యూటరులో పెట్టినా ఇన్‌డిజైన్ వంటి సాధనాలు సాధారణంగా బొమ్మలను వెదికి పట్టుకుంటాయి. విడివిడిగా పంపితే పట్టుకోలేవు. ముద్రణకు పంపే ముందు ఇన్‌డిజైన్‌లో ‘ప్యాకేజ్’ అనే ఆజ్ఞ ఉన్నది. అది పుటల ఫైలును, అందులో వాడిన ప్రతి బొమ్మను, ఫాంట్లలో పెక్కింటిని ఒకే ఫోల్డరులోకి నకలు చేసి ఇస్తుంది. కోరల్‌డ్రాలో ఇదే పనికి ‘కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్’ అని పేరు. ఈ ఆజ్ఞను ప్రెస్సువారు అడిగినప్పుడు కాక, ప్రతి వారాంతాన ఒకసారి ఇచ్చి చూడవలెను. ఏ బొమ్మ తప్పిపోయినదో అప్పుడే తెలుస్తుంది.

ఇక అక్షరాల సంగతి. ఇది బొమ్మలకన్నా చిక్కైనది. మన సంచిక వంటి రెండు లిపుల పత్రికకు మరింత చిక్కు.

కంప్యూటరు ఫైలులో ‘క’ అనే అక్షరం ఉండదు. ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యకు ఏ ఆకారం చూపవలెనో ఫాంటు చెబుతుంది. మన అను ఫాంట్ల వంటి పాత తెలుగు ఫాంట్లు రోమను అక్షరాలకు కేటాయించిన సంఖ్యలలోనే తెలుగు ముక్కలను కూర్చోబెట్టినవి. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఒకచోట. అందువలన అదే ఫాంటు ఉన్న యంత్రంలో పోతన పద్యం పోతన పద్యంగా కనిపిస్తుంది. లేని యంత్రంలో ఆ రోమను అక్షరాలు, గుర్తులు అసలు రూపంతో బయటపడుతాయి. మత్తేభం గణాలు వెదుక్కోవలసిన పని కూడా ఉండదు. ఫైలు చెడిపోయినదని విద్యార్థులు కంగారుపడి దానిని తుడిచివేయడం మేము కళ్లారా చూశాము. అది చెడిపోలేదు. ఆ ఫాంటును ఆ యంత్రంలో ఎక్కిస్తే చక్కగా కనిపిస్తుంది. ఇటువంటి ఫైలును తుడిచివేయకండని ప్రత్యేకంగా కోరుతున్నాము.

యూనికోడ్ దీనికి మందు. 1991లో వెలువడిన తొలి రూపంలోనే తెలుగుకు 128 స్థానాల వరుసను ప్రత్యేకించినారు. అందులో ‘క’కు ఇచ్చిన సంఖ్య ప్రపంచమంతటా ‘క’కే. ఒక ఫాంటు లేకపోతే మరొక తెలుగు ఫాంటుతో చూపబడుతుంది గాని గుర్తుల రాశిగా మారదు. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఈ మార్గంలో తొలినాటివి. తరువాత మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న మొదలైన పేర్లతో పెక్కు ఫాంట్లు ఎవరైనా వాడుకొనదగిన అనుమతితో వెలువడినవి. ఈ అనుమతి సంగతి కూడా ఫైళ్ల పంపకంలో భాగమే. వెల పెట్టి కొన్న ఫాంటును ఒక యంత్రానికి కొని పది యంత్రాలకు పంచడం న్యాయం కాదు. స్వేచ్ఛగా ఇచ్చిన ఫాంటును తల్లి ఫోల్డరులో పెట్టి ఎవరికైనా పంపవచ్చును. సంచికకు తెలుగు ఫాంట్లు మూడింటికి మించకుండా, మూడూ యూనికోడ్‌వే, స్వేచ్ఛగా లభించేవే ఎంచుకోవలెనని మా అభిప్రాయం. శీర్షికకొక ఫాంటు వాడే సరదా ఉన్నవారికి ఇది రుచించదు.

అను నుండి యూనికోడ్‌కు మార్చే సాధనాలు దొరుకుతున్నవి. వాటిని నమ్మి అచ్చుకు పంపరాదు. జంటవత్తులు, ఋకారాలు, ‘క్ష’ వంటి సంయుక్తాలు తరచుగా తారుమారవుతాయి. మార్చిన ప్రతిని మూలంతో సరిచూచుటకు ఇద్దరు కూర్చొని, ఒకరు చదువుతుండగా మరొకరు చూడవలెను. ప్రూఫులు దిద్దడంలో మన పెద్దలు పాటించిన పద్ధతే అది.

ఉర్దూ చరిత్ర వేరు. నస్తాలీఖ్ లిపి గీతమీద నిలబడదు. ప్రతి పదం కుడిపైనుండి ఎడమక్రిందికి జారుతుంది. పక్కన ఏ అక్షరం వచ్చినదో చూచి ప్రతి అక్షరం ఆకారం మార్చుకుంటుంది. సీసపు అచ్చులకు ఇది లొంగనందున ఉర్దూ పత్రికలు చాలాకాలం ఖుష్‌నవీసుల చేతివ్రాతతోనే రాతిఅచ్చులో వెలువడినవి. 1927లో చెన్నపట్టణంలో మొదలైన ‘ముసల్మాన్’ దినపత్రిక కంప్యూటర్లు వచ్చిన తరువాత కూడ కాతిబుల చేతివ్రాతనే కొనసాగించి ప్రసిద్ధి పొందినది. పాకిస్తాను దేశస్థుడైన మీర్జా అహ్మద్ జమీల్ సుమారు ఇరవైవేల సంయుక్తరూపాలను తన చేత్తో వ్రాసి, మోనోటైప్ సంస్థ ద్వారా 1981లో నూరీ నస్తాలీఖ్‌ను కంప్యూటరుకు ఎక్కించినారు. తమ తండ్రి పేరున దానికి ఆ నామకరణం చేసినారు. ఆ సంవత్సరమే లాహోరు నుండి ‘జంగ్’ పత్రిక దానితో వెలువడినది. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఇన్‌పేజ్‌ను తెచ్చి ఆ లిపిని చిన్న పట్టణాల బల్లలమీదికి చేర్చినది. ఇరవైవేల రూపాలు! మన తెలుగు వర్ణమాల యాభైఆరు అక్షరాలకే తల పట్టుకునే విద్యార్థులు ఈ సంఖ్యను ఒకసారి తలచుకోవలెను.

పాత ఇన్‌పేజ్ ఫైలు ఇన్‌పేజ్‌లో తప్ప సరిగా తెరుచుకోదు. అందువలన ఉర్దూ వ్యాసం ప్రతిదానిని రెండు రూపాలలో ఉంచుకోవలెను: కూర్పుకు ఇన్‌పేజ్ ఫైలు, నిలువకు యూనికోడ్ ఉర్దూలో సాదా పాఠం. గూగుల్ సంస్థ 2014లో విడుదల చేసిన నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. దానితో ఏ యంత్రంలోనైనా చదువుకోవచ్చును. ఆ ఐదు గజళ్లకు ఇటువంటి సాదా పాఠం ఒక్కటి, ఏ అందమూ లేనిది, ఒక్క పుటంత ఉన్నా ఈనాడు చాలేది. నోటో అనే పేరు గురించి ఒక ముక్క: ఫాంటు లేనప్పుడు తెరమీద కనిపించే ఖాళీ పెట్టెలను కంప్యూటరు పండితులు టోఫు అంటారు, అనగా సోయాపాలతో చేసే పన్నీరు ముక్కలు. ఆ టోఫు ఇకమీదట ఉండరాదని ఆ పేరు పెట్టినారట.

ఇదంతా సంచికకే పరిమితమైన విషయం కాదని చెప్పుటకు మన గద్వాల చీరను ఉదాహరిస్తాము. మన విద్యార్థులలో మగ్గాల ఇళ్లనుండి వచ్చినవారు ఉన్నారు. వారికి మేము చెప్పవలసినది లేదు, వారినుండి మేము విన్నదే ఎక్కువ. ఒంటికి నూలు, అంచుకు కొంగుకు పట్టు వేసి, రెంటినీ మగ్గం మీదనే కలిపి నేయడం గద్వాల పని. అంచులోని హంస, కొంగులోని గోపురం మగ్గానికి జాకార్డు అట్టల ద్వారా తెలుస్తాయి. ఫ్రాన్సు దేశపు లియోన్ నగరంలో జాకార్డ్ 1804 ప్రాంతాన రూపొందించిన ఏర్పాటు అది. ఒక్కొక్క పేక పోగుకు ఒక్కొక్క అట్ట. రంధ్రం ఉన్నచోట పడుగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలన్నిటినీ వరుసగా దారంతో కుట్టి మాలగా వ్రేలాడదీస్తారు. మధ్యలో ఒక్క అట్ట తారుమారైతే హంస మెడ విరుగుతుంది. కంప్యూటరులో ఫైళ్లకు వరుస సంఖ్యలు ఎందుకని అడిగేవారు ఒకసారి ఈ అట్టల మాలను చూచి రావలెను.

ఇప్పుడు ఆ డిజైనును గళ్ల కాగితం మీద కాక కంప్యూటరు తెరమీద గీస్తున్నారు. తెరమీద ఒక చుక్క మగ్గంమీద ఒక పడుగు, ఒక పేక కలిసే చోటుకు సమానం. 240 కొక్కేల జాకార్డుకు గీసిన బొమ్మ అడ్డంగా సరిగ్గా 240 చుక్కలే ఉండవలెను. ఆ బొమ్మను వాట్సాప్‌లో ఫోటోగా పంపితే ఏమవుతుంది? పంపే దారిలో అది బొమ్మను జెపెగ్ అనే పద్ధతిలో నొక్కివేస్తుంది. పెద్ద బొమ్మైతే కొలతను కూడ తగ్గిస్తుంది. జెపెగ్ పద్ధతి కంటికి తెలియని సూక్ష్మాలను వదలివేసి ఫైలును చిన్నది చేస్తుంది. మనిషి ముఖానికి అది చాలును. కాని రెండే రంగులున్న హంస అంచున నడుమరంగుల చుక్కలు పదులకొద్దీ పుట్టుకొస్తాయి; మగ్గానికి నడుమరంగు లేదు, పడుగు లేస్తుంది లేదా లేవదు. కొలత మారితే ఇక చెప్పనక్కరలేదు. ఆ బొమ్మను మరల ఒక్కొక్క చుక్కగా దిద్దుకోవలసినదే, అది రోజుల పని. కనుక డిజైను బొమ్మలను పి.ఎన్.జి. గాని, బి.ఎమ్.పి. గాని, టిఫ్ గాని చేసి, వాట్సాప్‌లోనే పంపవలసి వస్తే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపవలెను. డాక్యుమెంటుగా పంపినది ఉన్నదున్నట్లు చేరుతుంది.

సంచికకు ఫోటోలు పంపే విద్యార్థులకు కూడ ఇదే సూచన. అచ్చులో ఒక అంగుళానికి 300 చుక్కలు ఉంటే గాని ముఖం స్పష్టంగా రాదు. నాలుగంగుళాల వెడల్పున వేయవలసిన ఫోటోకు అడ్డంగా 1200 చుక్కలు కావలెను. నాలుగు చేతులు మారి మారి నలిగి వచ్చిన ఫోటోలో అన్ని ఉండవు. గత వార్షికోత్సవపు బృందచిత్రంలో వెనుక వరుసవారు తమను తాము గుర్తుపట్టలేకపోయినారంటే కారణం ఇదే. ఫోటో తీసినవారిని నిందించి లాభం లేదు.

ఫైళ్లకు పేర్లు పెట్టడంలో మన విద్యార్థులు కనబరచే కవిత్వం గురించి ఎంతైనా చెప్పవచ్చును. ఫైనల్, ఫైనల్ కొత్తది, ఫైనల్ అసలుది, సార్ చూసిన ఫైనల్. వీటిలో ఏది చివరిదో దేవునికే తెలియవలెను. పేరులో మొదట సంవత్సరం, తరువాత భాష, తరువాత పుటసంఖ్య, తరువాత విషయం, చివర ఎన్నవ దిద్దుబాటు అన్నది రావలెను: ‘2024_తె_017_గద్వాల_ది03’. ఉర్దూ భాగానికి ‘ఉ’. సంఖ్యలకు ముందు సున్నలు చేర్చకపోతే అనేక సాధనాలు 1 తరువాత 10ని, దాని తరువాత 2ను నిలబెడతాయి. తేదీ వేసేటప్పుడు సంవత్సరం, నెల, రోజు అనే వరుస పాటిస్తే ఫైళ్లు తమంతట తామే కాలక్రమంలో నిలుస్తాయి. ఏటవాలు గీత, ప్రశ్నార్థకం, రెండుచుక్కలు విండోస్ ఫైలు పేరులో చెల్లవు. ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరొక ఫోల్డరు అని పెంచుకుంటూ పోతే చిరునామా మొత్తం 260 అక్షరాలు దాటినచోట చాలా సాధనాలు మొరాయిస్తాయి. పొడవైన వ్యాసశీర్షికలను యథాతథంగా ఫైలుపేర్లు చేసేవారికి ఈ అవస్థ తప్పదు. ఉర్దూ భాగంలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. ఉర్దూ మొదటి పుట పుస్తకపు లెక్కలో చివరి పుట. ఉర్దూ పుటలకు ఉర్దూ వరుసలోనే సంఖ్యలు వేసి, ప్రెస్సుకు పంపే ఫోల్డరులో పుస్తకం మొత్తపు క్రమాన్ని చూపే ఒక కాగితాన్ని పెట్టవలెను. లేనిచో గజల్ మక్తాతో మొదలై మత్లాతో ముగిసే ప్రమాదం ఉన్నది.

ఈ పేర్లతోపాటు ఒక రిజిస్టరు కావలెను. గ్రంథాలయంలో పుస్తకాల చేర్పు రిజిస్టరు వంటిదే. కంప్యూటరులో పెట్టినా సరే, గీతల నోటుపుస్తకమైనా సరే. ఏ ఫోటో ఎవరు తీశారు, ఎవరి అనుమతి ఉన్నది, ఏ ఫాంటు వాడారు, మూలవ్రాత ఎక్కడ ఉన్నది అన్నవి అందులో వ్రాయవలెను. ఈ నడిగడ్డకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించినారు. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులను ఒక్క గ్రంథంలో నిలబెట్టిన పని అది. ఊరూరి నుండి వచ్చిన పద్యాలు ఎవరివో ఏ ఊరివో తెలియకుండా కుప్పపోసి ఉంటే ఆ జవాబుకు విలువ ఉండేదా? పద్యం ప్రక్కన కవి పేరు, ఊరు నిలిచినందుననే అది ఈనాటికీ ఆధారగ్రంథమైనది. మన ఫైలు ప్రక్కన రిజిస్టరు పంక్తి చేసే పని కూడ అంతే.

ఇక పంపకం. పెన్‌డ్రైవు మోతకు మాత్రమే గాని నిలువకు కాదు. దానిలో వైరసు చేరి ఫోల్డర్లను దాచిపెట్టడం ఇంటర్‌నెట్టు కేంద్రాలకు పోయినవారందరికీ అనుభవమే. పాత పద్ధతిలో సిద్ధపరచిన పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లు మించిన ఒక్క ఫైలు పట్టదు. కళాశాలలోని కంప్యూటర్లు ఒకే వలలో ఉన్నప్పుడు ఒకదానిలో ఫోల్డరును అందరికీ తెరచి ఉంచడం ఉత్తమం. ఇంటినుండి పనిచేయవలసినవారికి గూగుల్ డ్రైవు వంటి మేఘభాండారాలు ఉన్నవి. అందులో 15 గిగాబైట్లు ఉచితం. అక్కడ రెండు చిక్కులు. ఒకటి: ఇద్దరు ఒకే పుటల ఫైలును ఒకే సమయంలో దిద్దితే ఎవరో ఒకరి దిద్దుబాటు పోతుంది, లేదా అదే పేరున రెండు ప్రతులు ఏర్పడుతాయి. సాదా పాఠాన్నైతే పంక్తి పంక్తి పోల్చి కలుపవచ్చును. పుటల ఫైలును అట్లా కలుపలేము. మేము దీనికి అట్టముక్కతో ఉపాయం చేశాము. తెలుగు భాగానికి ఒక అట్ట, ఉర్దూ భాగానికి ఒక అట్ట. అట్ట ఎవరి దగ్గర ఉంటే వారే ఆ భాగాన్ని తెరవవలెను. ముగించి అట్టను గ్రంథాలయపు బల్లమీద పెట్టవలెను. ఇంటినుండి పనిచేసేవారు ముందురోజే అట్ట తీసుకుపోవలెను. ఇది చూచి కంప్యూటరు శాఖవారు నవ్వారు గాని, ఆ యేడు ఒక్క దిద్దుబాటు కూడ పోలేదు. రెండవ చిక్కు: అట్టి భాండారంలో ఒకరు ఒక ఫైలును తుడిచివేస్తే అందరి యంత్రాలనుండీ తుడుచుకుపోతుంది. బుట్టలో కొద్దిరోజులు ఉంటుంది, అంతే. కనుక అది పంపకమే గాని భద్రత కాదు.

కార్యవర్గంవారికి ఇక్కడ ఒక మనవి. ఇంతవరకు సంచిక ఫైళ్లు విద్యార్థి సంపాదకుల సొంత ఖాతాలలో ఉన్నవి. విద్యార్థి వెళ్లిపోగానే సంకేతపదం వెళ్లిపోతుంది. రెండేళ్లపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నియమాన్ని గూగుల్ సంస్థ 2023 డిసెంబరు నుండి అమలులోనికి తెచ్చినది. ఖాతా కళాశాల పేరున ఉండవలెను. దాని సంకేతపదం ప్రిన్సిపాలుగారి కార్యాలయంలో కవరులో ఉండవలెను.

భద్రతకు మూడు, రెండు, ఒకటి అనే సూత్రం ఉన్నది. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఛాయాచిత్రకారుడు దీనికి ప్రచారం తెచ్చినాడు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, ఒకటి వేరొక చోట. వేరొక చోట అన్నమాట బీచుపల్లి వారికి విడమరచి చెప్పనవసరం లేదు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగినప్పుడు కర్నూలు నీట మునిగినది. మన ఆలంపురం, రాజోలి ప్రాంతాలు మునిగినవి. రాజోలిలో మగ్గాలు, నూలు, కాగితాలు అన్నీ బురద పాలైనవి. ఒకే గదిలో మూడు పెట్టెలలో మూడు ప్రతులు ఉంచుకుంటే వరద మూడింటినీ ఒకేసారి తీసుకుపోతుంది. కనుక ఒక డిస్కు కళాశాలలో, ఒక ప్రతి మేఘభాండారంలో, ఇంకొక డిస్కు వంతెన దాటి ఆవలి గట్టున మెరకమీద ఉండే ఒక అధ్యాపకుని ఇంటిలో ఉంచే ఏర్పాటు చేశాము. ఆరు నెలలకొకసారి రెండు డిస్కులనూ తగిలించి, ప్రతి సంచికనుండి రెండు ఫైళ్లు తెరచి చూస్తున్నాము. తెరచి చూడని ప్రతి ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు.

పాత సంచికల విషయంలో మరొక పని మొదలైనది. ఇన్‌డిజైన్ తొలి రూపాలు పేజ్‌మేకర్ ఫైళ్లను తెరువగలిగేవి. తరువాతి రూపాలలో ఆ సౌకర్యం తీసివేసినారు. 2023 జనవరి నుండి అడోబీ సాధనాలు టైప్ వన్ అనే పాత తరహా ఫాంట్లను కూడ అంగీకరించడం లేదు. అందువలన పాత కంప్యూటరు ఒకటి పనిచేస్తుండగానే ప్రతి పుటల ఫైలును తెరచి పి.డి.ఎఫ్. చేసుకోవలసి ఉన్నది. పి.డి.ఎఫ్. తనతో ఫాంట్లను, బొమ్మలను మోసుకుపోతుంది గనుక ఎక్కడైనా అదే రూపంలో కనిపిస్తుంది. కాని పాత ఫాంటుతో చేసిన పి.డి.ఎఫ్.లో తెలుగు మాటను వెదికితే దొరకదు, నకలు తీస్తే గుర్తులే వస్తాయి. కనుక దానితోపాటు యూనికోడ్ పాఠం కూడ ఉండవలెను. ఇప్పటికి నాలుగు సంచికలు పూర్తయినవి; పనిచేస్తున్నవారు తెలుగు విద్యార్థులు ఇద్దరు, ఉర్దూ విద్యార్థిని ఒకరు. అను లిపిలో ఉన్నవి ఇంకా ఏడు మిగిలి ఉన్నవి. పాత కంప్యూటరు వేసవిలో ఒక గంటకు మించి నడవడం లేదు.

ఆ గజళ్ల కొరకు కూడ ఒక ఫోల్డరు తెరిచాము. అందులో తొమ్మిది గజళ్లు అచ్చుప్రతినుండి యూనికోడ్ ఉర్దూలో ఎక్కించినవి, రెండుసార్లు సరిచూచినవి ఉన్నవి. వాటి ప్రతిని వారి కుమార్తెకు అందజేశాము. తక్కిన ఐదింటికి సంఖ్యలు, ఐదు మసకనీడలు ఉన్నవి. పెన్‌డ్రైవు తీసుకుపోయిన పూర్వవిద్యార్థి గల్ఫులో ఉన్నాడని తెలిసి కబురు పంపాము. ఇంటిలో పాత సామాను పెట్టెలో వెదికించి చెబుతానన్నాడు. ఈ వ్యాసం అచ్చుకు పోయే నాటికి జవాబు రాలేదు.